పాడిందే పాడరా: ఒకే పాఠం రోజుకు నాలుగుసార్లు చెప్పి అలిసిపోయాను, పనిలో ఏం మార్చుకోవాలి?

పట్టాభిపురం లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పదహారేళ్ళ సర్వీసు, వయసు 42. పదో తరగతి నాలుగు సెక్షన్లూ నావే. అవి కాక ఎనిమిదో తరగతి ఒక సెక్షన్. ఉద్యోగం మానేయాలని లేదు, మానేస్తే ఇల్లు గడవదు కూడా. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఫీజుల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

నా రోజు ఇలా ఉంటుంది. బడి 8:45కి. ఏ సెక్షన్ రెండో పీరియడు, బి మూడోది, సి ఐదోది, మధ్యాహ్నం భోజనం కాగానే ఎనిమిదో తరగతి, ఆఖరి పీరియడు డి. ఆ తర్వాత ఐదింటి దాకా స్టడీ అవర్. మిగిలిన మూడు పీరియడ్లు లీజర్ అని టైంటేబుల్లో రాసి ఉంటుంది. ఎవరో ఒకరు సెలవు పెడతారు కాబట్టి వాటిలో ఒకటో రెండో అడ్జస్ట్‌మెంట్ కింద పోతాయి. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అంటారే, ఆ దాసరిని నేనే.

నిజం చెప్పాలంటే ఏ సెక్షన్లో పాఠం అంత బాగా కుదరదు. పిల్లలు ఎక్కడ తడబడతారో అక్కడే నాకు తెలుస్తుంది. బి సెక్షన్‌కి చెప్పేటప్పుడు ఆ తడబాట్లన్నీ సర్దుకుని చెప్తాను, అది రోజు మొత్తంలో మంచి పీరియడు. సి కి వచ్చేసరికి నోరు దానంతట అదే మాట్లాడేస్తుంది, నేను కిటికీలోంచి బయట సైకిళ్ళు లెక్కపెడుతుంటాను. ఇక డి సెక్షన్ సంగతి.

పోయిన మంగళవారం క్వాడ్రాటిక్ ఈక్వేషన్స్‌లో వర్గం పూర్తి చేసే పద్ధతి చెప్తున్నాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6ఎక్స్ ఉంటే, 6లో సగం 3, దాని వర్గం 9, రెండువైపులా కలపండి అన్నాను. మూడో బెంచీలో ఒక పిల్ల లేచి "సగమే ఎందుకు తీసుకోవాలి మేడమ్?" అంది. "ఇందాకే చెప్పాను కదా, వినకుండా ఏం చేస్తున్నావ్?" అని కసురుకున్నాను. ఆ పిల్ల "మాకు చెప్పలేదు మేడమ్" అని మెల్లగా అని కూర్చుంది. నిజమే. పొద్దున్నుంచి మూడు సెక్షన్లకు చతురస్రం బొమ్మ గీసి, దాని పక్కన మూడేసి వెడల్పున్న రెండు పట్టీలు అతికించి, మూలన ఖాళీ మిగిలిన 3 బై 3 ముక్కే ఆ తొమ్మిది అని చూపించాను. డి వాళ్ళకు ఆ బొమ్మే గీయలేదు. గీశాననే అనుకున్నాను. బోర్డు వైపు తిరిగి చూస్తే బొమ్మ లేదు.

ఇంటికెళ్ళే దారిలో లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపుకుని అదే ఆలోచించాను. తప్పు చెప్పడం వేరు. అది ఎవరైనా చేస్తారు. మంచి ప్రశ్న అడిగిన పిల్లని కసిరానే, అది నా అలవాటు కాదు.

ఇక పేపర్లు. నాలుగు సెక్షన్లలో వరసగా 41, 43, 40, 38 మంది. మొత్తం 162. ప్రతి సోమవారం టెస్టు. పేపరుకు 4 నిమిషాలే వేసుకున్నా 648 నిమిషాలు, అంటే దాదాపు 11 గంటలు. ఆ పదకొండు గంటలు ఎక్కడినుంచి వస్తాయో మీరే చెప్పండి. నేను రాత్రి పూట అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద దిద్దుతాను. పేపర్ల మీద పప్పు మరకలుంటే అవి మా ఇంటివే.

సెలవు పెట్టి రెస్ట్ తీసుకో అనే సలహా దయచేసి ఇవ్వొద్దు. దసరా సెలవుల్లో తిరుపతి వెళ్ళొచ్చాం, ఇంట్లో రెండ్రోజులు పడి నిద్రపోయాను. బడి తెరిచిన రోజు మూడో పీరియడుకల్లా మళ్ళీ ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. యోగా యాప్ ఒకటి వేసుకున్నాను, ఆరు రోజులు నడిచింది. పాజిటివ్‌గా ఆలోచించమని మా ఆడపడుచు రోజూ వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మలు పంపిస్తూనే ఉంది.

నేను అడిగేది ఒక్కటే. బడి అదే, జీతం అదే, పిల్లలూ అదే లెక్క. పని చేసే తీరులో, రోజు వరసలో మీరెవరైనా ఏదైనా మార్చి చూశారా? ఏది పనిచేసింది, ఏది చేయలేదు?


బెజవాడ ఫిజిక్స్:

మేడమ్ గారూ, మీ సి సెక్షన్ సైకిళ్ళ మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. మాది విజయవాడ సత్యనారాయణపురం, నాదీ ప్రైవేటే, పద్నాలుగేళ్ళు. మూడు సెక్షన్లకు కాంతి పరావర్తనం చెప్పి చెప్పి ఒకరోజు ఒక సెక్షన్లో ఒకే జోకు రెండుసార్లు వేశాను. పిల్లలు మర్యాదగా రెండోసారి కూడా నవ్వారు. అప్పుడు సిగ్గేసింది.

నేను మార్చింది చాలా చిన్న విషయం. చాప్టర్ల వరస. ఒక పరీక్షకి రెండు చాప్టర్లు సిలబస్ అనుకోండి, ఒక సెక్షన్‌కి ముందు మొదటిది, ఇంకో సెక్షన్‌కి ముందు రెండోది మొదలుపెట్టేస్తాను. పరీక్ష నాటికి ఇద్దరికీ రెండూ అయిపోతాయి, అడిగేవాడు లేడు. మీ లెక్కలకైతే ఇది ఇంకా తేలిక. ఏ, బి లకు వర్గ సమీకరణాలు నడుస్తుంటే సి, డి లకు సరూప త్రిభుజాలు చెప్పొచ్చు. ఒకదానికొకటి అడ్డు రావు కదా. రోజుకు నాలుగుసార్లు చెప్పే పాఠం రెండుసార్లకు దిగుతుంది. మీ మాట ప్రకారమే రెండోసారి చెప్పినప్పుడు బాగా కుదురుతుంది, ఇక మూడోది, నాలుగోది ఉండవు.

ఇబ్బంది ఒకటుంది, దాచను. మొదటి నెల ఏ సెక్షన్‌కి ఎంతవరకు అయిందో బుర్రలో కలగాపులగం అయిపోయింది. ఒక సెక్షన్‌కి చెప్పని లెక్క హోమ్‌వర్క్ ఇచ్చాను. ఇప్పుడు ప్రతి సెక్షన్‌కి ఒక చిన్న జేబు నోటుబుక్కు పెట్టుకున్నా, క్లాసు వదిలేముందు ఒక్క లైను రాస్తాను, ఎక్కడ ఆపానో, ఎవరు ఏం అడిగారో. టీచింగ్ డైరీ వేరు, అది ఇన్‌చార్జ్ కోసం రాసేది. ఇది నా కోసం.

ఇంకో మాట. గొంతు. మీరు రాయలేదు గానీ రోజుకు ఐదు క్లాసులు, ఒక్కోదాంట్లో నలభై మంది, పైన ఫ్యాను చప్పుడు. నాకు రెండేళ్ళ క్రితం గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గలేదు. ఇఎన్‌టీ డాక్టరు చూసి గొంతు మీద జులుం చేస్తున్నారు అన్నారు. అప్పుడు కాలర్‌కి పెట్టుకునే మైకు, నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు కొన్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక ఇంట్లోవాళ్ళతో మాట్లాడే ఓపిక మిగులుతోంది. అలసటలో సగం గొంతుదేనని నాకు అప్పటిదాకా తెలియదు.


పాత హెచ్ఎం:

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు బ్రాడీపేటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నా. హెచ్ఎం కాకముందూ అయ్యాకా కలిపి పదకొండేళ్ళు టైంటేబుల్ నేనే వేశాను, పెద్ద చార్టు మీద పెన్సిలుతో, పక్కన రబ్బరు పెట్టుకుని. కాబట్టి బల్లకి అవతలి వైపు నుంచి చెప్తాను.

టైంటేబుల్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఎక్కడ మార్చమని అడగాలో తెలుస్తుంది. ముందు కదలనివి వేస్తాం. మొదటి పీరియడు క్లాస్ టీచరుది, హాజరు తీసుకోవాలి కాబట్టి. ఆటల పీరియడ్లు, కంప్యూటర్ ల్యాబ్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అవి. తర్వాత పదో తరగతి లెక్కలు, సైన్సు పొద్దున పూట సర్దుతాం. మిగిలిన గళ్ళల్లో మిగిలినవాళ్ళని కూర్తాం. ఆఖరికి ఖాళీగా మిగిలిన గడి ఎవరిదైతే వాళ్ళకి అది లీజర్. అంటే మీ లీజరు ఎవరో ఆలోచించి మీకిచ్చింది కాదు, అట్టముక్కలన్నీ కత్తిరించాక మిగిలిన ముక్క. డి సెక్షన్ ఆరు రోజులూ ఆఖరి పీరియడులో పడిందంటే అది కక్ష కాదమ్మా, బద్ధకం. సోమవారం వరసని మంగళవారానికి దించేస్తాం, అంతే. నేనూ చేశాను.

అందుకని మీరు ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్ళి అలిసిపోయాను సార్ అనకండి. ఆయనకి వంద తలనొప్పులు, మీది నూటొకటోది అవుతుంది. కాగితం మీద తయారైన మార్పు పట్టుకెళ్ళండి. "బుధ, శుక్రవారాలు ఏ సెక్షన్‌నీ డి సెక్షన్‌నీ తారుమారు చేస్తే చాలు, సోషల్ మేడమ్ గారు ఒప్పుకున్నారు, ఇదిగో ఆవిడ సంతకం" అనండి. రబ్బరు పట్టుకునే పని లేకపోతే ఎవరైనా సరే అంటారు. డి వాళ్ళకీ వారానికి రెండ్రోజులు పొద్దుటి పూట లెక్కలు దొరుకుతాయి. ఆ పిల్లలకు ఆరు రోజులూ అలిసిపోయిన టీచరే వస్తోంది, ఆ సంగతి మీరు రాయకపోయినా నాకు కనిపించింది.

అడ్జస్ట్‌మెంట్ సంగతి. మా స్కూల్లో ఒక టర్ము చివర ఊరికే కూర్చుని అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు లెక్కేశాను. నోరు మెదపని ఒక తెలుగు పండితుడికి 31 పడ్డాయి. గట్టిగా మాట్లాడే ఒకాయనకి 6. నేనే సంతకాలు పెట్టిన రిజిస్టరు, నాకే తెలియలేదు. ఆ తర్వాత పేర్ల వరసలో తిప్పడం మొదలుపెట్టాను. మీరూ నెల రోజులు మీవి రాసుకోండి. పోట్లాడ్డానికి కాదు, చూపించడానికి.

పాఠానికి తయారవ్వడం, దిద్దడం మన సొంత పని అన్నట్టు ఇంటికి మోసుకెళ్తాం. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు వర్తించే విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు చూడండి, టీచరుకు వారానికి 45 గంటలు అని రాసి, అందులో తయారయ్యే సమయం కూడా కలిపి అని స్పష్టంగా రాశారు. మీది పదో తరగతి, ప్రైవేటు, చట్టం పట్టుకెళ్ళి ఎవరి ముందూ పెట్టలేరు, నాకు తెలుసు. కానీ తయారీ కూడా పనే అని కనీసం మీరు నమ్మండి.


మైలవరం ఎస్‌జీటీ:

అక్కా, మీది చదివితే నాకు అసూయగా ఉంది, కోప్పడకండి. మాది మైలవరం వైపు ప్రాథమిక పాఠశాల, ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. నా గదిలో ఒకటి, రెండు, మూడు తరగతులు ఒకేసారి. ఒకే పాఠం రెండుసార్లు చెప్పే భాగ్యం నాకు లేదు. ఒకటో తరగతికి 'అ' దిద్దిస్తూ, మూడో తరగతికి ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటూ, రెండో తరగతివాడు చెడ్డీ తడుపుకుంటే అదీ చూసుకోవాలి. మధ్యలో హాజరు యాప్‌లో వేయాలి, భోజనం వివరాలు ఎక్కించాలి, సిగ్నల్ రాకపోతే వేపచెట్టు కింద అరుగు ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకోవాలి. రోజు మొత్తంలో పది నిమిషాలు ఒకేలా గడవవు. అయినా సాయంత్రానికి నేనూ మీలాగే అయిపోతున్నా.

కాబట్టి మార్పు ఉంటే చాలు అలసట పోతుందని నేననుకోను. మార్పు ఎక్కువైనా మనిషి అరిగిపోతాడు. నాకు పనిచేసింది దానికి రివర్సు. రోజులో ఒక ముక్క కదలకుండా పెట్టుకున్నా. భోజనం అయ్యాక మొదటి అరగంట కథ. మూడు తరగతులూ కలిపి నేల మీద కూర్చుంటారు, నేను చదువుతాను. ఆ అరగంట ఫోను బీరువాలో. ఎవరు ఏ వివరం అర్జెంటుగా అడిగినా అరగంట తర్వాతే. మొదట్లో గ్రూపులో రెండుసార్లు నా స్కూలు పేరు పెండింగ్ లిస్టులో పెట్టారు. తర్వాత వాళ్ళే అలవాటు పడ్డారు.

ఎన్నికలు, జనగణన, విపత్తు సహాయం తప్ప చదువుకి సంబంధం లేని పనులకి టీచర్లని వాడకూడదని అదే విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ అంటుంది. హెచ్ఎం గారు చట్టం మాట ఎత్తారు కదా అని గుర్తొచ్చింది. ఫోటోలు ఎక్కించడం అందులో ఏ కిందికి వస్తుందో ఎవరైనా చెబితే సంతోషం.


పట్టాభిపురం లెక్కల టీచర్:

ఎస్‌జీటీ చెల్లెమ్మా, కోపం ఎందుకు, మీ ముందు నా కష్టం చెప్పుకోవడానికే మొహమాటంగా ఉంది. హెచ్ఎం మేడమ్, "ఆరు రోజులూ అలిసిపోయిన టీచరే వస్తోంది" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇన్నాళ్ళూ డి సెక్షన్ వీక్ సెక్షన్ అని స్టాఫ్ రూంలో అందరితో పాటు నేనూ అంటున్నాను.

ఫిజిక్స్ సార్, మైకు ఎంత ఉంటుంది? పిల్లలు ఎగతాళి చేయరా?


బెజవాడ ఫిజిక్స్:

చేస్తారు. వారం రోజులు. నాది ఆన్‌లైన్లో కొన్నదే, పెద్ద ఖరీదేం కాదు. ఛార్జింగ్ మాత్రం రాత్రే పెట్టుకోవాలి, మర్చిపోతే మూడో పీరియడులో చచ్చిపోతుంది.


బీఎడ్ కాలేజీ లెక్చరర్:

మీరంతా చెప్తున్న ఈ పని అలసటని బర్న్‌అవుట్ అంటారు, ఆ మాట 1970లలో మనస్తత్వ శాస్త్రంలోకి వచ్చింది. క్రిస్టినా మాస్లాక్ అనే ఆవిడ దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బు అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది. మూడు లక్షణాలు చెప్పింది. ఒంట్లో శక్తి అయిపోవడం, చేసే పని మీద విరక్తి లేదా దాన్నుంచి మనసు దూరం జరగడం, నేను చేసేది పనికిరావట్లేదు అనిపించడం. మేడమ్ గారి సి సెక్షన్ సైకిళ్ళు రెండో దాని కిందికి వస్తాయి. ఆ పిల్లని కసిరినందుకు బాధపడ్డారు చూశారా, అది మంచి గుర్తే. పూర్తిగా దూరమైపోయినవాళ్ళకి ఆ బాధ కూడా ఉండదు.


అరండల్‌పేట ట్యూషన్:

అందరూ టైంటేబుల్ గురించే చెప్తున్నారు, నేను అడ్డం పడతాను. నేను కూడా ఇలాగే రెండేళ్ళు ఈడ్చాను. గానుగెద్దులా తిరగడం వల్లే ఇలా అయిపోయాననుకున్నా. పొద్దున లేస్తే ఒళ్ళు బరువు, జుట్టు ఊడటం, ఊరికే ఏడుపు. చివరికి మా అక్క బలవంతం మీద రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్. మాత్ర మొదలుపెట్టిన రెండు నెలల్లో సగం మనిషినయ్యాను. కాబట్టి టీచర్ గారూ, టైంటేబుల్ మార్చేముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూపించుకోండి. మన వయసు ఆడవాళ్ళం ఒంట్లో రక్తం లేకపోయినా పని ఎక్కువైందనే అనుకుంటాం.

నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆశ లేకపోవడం ఉంటే సిగ్గుపడకుండా 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పేరు టెలి మానస్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

నేను మాత్రం తర్వాత బడి మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే సాయంత్రం ట్యూషన్, మూడు బ్యాచ్‌లు. స్వేచ్ఛ అనుకున్నా గానీ, ఒకే పాఠం ఇప్పుడు మూడుసార్లు చెప్తున్నా. నవ్వుకోండి.


పట్టాభిపురం లెక్కల టీచర్ (ఐదు వారాల తర్వాత):

ఏమైందో చెప్పకుండా పోతే బాగుండదని వచ్చాను.

ముందు రక్తపరీక్ష. థైరాయిడ్ బాగానే ఉంది, హిమోగ్లోబిన్ 9.6. డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు, వాటితో పాటు నిమ్మకాయ నీళ్ళు, టీ మాత్రం గంట తర్వాతే అన్నారు. పొద్దున టీ గంట వాయిదా వేయడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టంగా ఉంది. అరండల్‌పేట మేడమ్, మీకు రుణపడి ఉంటాను.

హెచ్ఎం మేడమ్ చెప్పినట్టు కాగితం పట్టుకునే వెళ్ళాను. సోషల్ మేడమ్ సంతకం, హిందీ మేడమ్ సంతకం. రెండు అడిగాను, ఒకటిన్నర దొరికింది. బుధ, శుక్రవారాలు ఏ, డి తారుమారు చేయడానికి ఇన్‌చార్జ్ సార్ కాగితం చూసి, తలెత్తకుండానే ఓకే అన్నారు. రెండోది, పదో తరగతి ఒక సెక్షన్‌ని ఇంకో లెక్కల సార్‌కి ఇచ్చి ఆయన ఏడో తరగతి నేను తీసుకుంటానన్నాను. అది కుదరదన్నారు. రిజల్ట్ తేడా వస్తే ఎవరిని అడగాలి అని ఆయన బాధ. దాని బదులు సోమవారం టెస్టు ఒక వారం ఏ, డి లకు, ఇంకో వారం బి, సి లకు పెట్టుకోండి, మిగతా ఇద్దరికీ బోర్డు మీద నోటి పరీక్ష చేయండి అని ఆయనే అన్నారు. నేను అడగనే లేదు. లెక్క వేసుకున్నాను. ఒక వారం 79 పేపర్లు, 316 నిమిషాలు. ఇంకో వారం 83, 332 నిమిషాలు. ఐదున్నర గంటలకు కాస్త అటూ ఇటూ. ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద మావాడు క్యారమ్స్ బోర్డు పరిచాడు, ఇన్నేళ్ళలో ఆ టేబుల్ ఖాళీగా దొరకడం వాడికి కొత్త.

చాప్టర్ల వరస మార్చాను. ఫిజిక్స్ సార్ అన్నట్టే మొదటి వారం కలగాపులగం అయింది, బి సెక్షన్‌లో త్రిభుజాలు మొదలుపెట్టబోయి నాలుక్కరుచుకున్నాను. నోటుబుక్కు పెట్టుకున్నాక సర్దుకుంది. అడ్జస్ట్‌మెంట్లు మాత్రం అలాగే ఉన్నాయి. నెలకి 19 పడ్డాయి నాకు, రాసుకున్నాను. ఎప్పుడు చూపించాలో ఇంకా ధైర్యం రాలేదు.

మైకు కొన్నాను. ఆన్ చేయగానే డి సెక్షన్ వెనక బెంచీ నుంచి "దయచేసి వినండి, బండి నంబరు..." అని రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్. ఇప్పుడు రోజూ అదే. గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే ప్యాసింజరు రోజుకో లెక్కతో బయల్దేరుతుంది. నేనూ ఊరుకుంటున్నాను, గొంతు నొప్పి లేకపోతే కోపం కూడా తక్కువ వస్తుందేమో.

ఇక అసలు సంగతి. డి వాళ్ళకు సరూప త్రిభుజాలు నడుస్తున్నాయి కదా, పోయిన గురువారం ఆఖరి పీరియడు వాళ్ళని గ్రౌండులోకి తీసుకెళ్ళాను. ఏం గొప్ప ప్లాను కాదు. ఆ రోజు ఫ్యాను పనిచేయలేదు, గదిలో ఉడికిపోతున్నారు, అంతే. మీటరు బోర్డు స్కేలు నిలబెట్టి నీడ కొలిచాం, 165 సెంటీమీటర్లు. జెండా కర్ర నీడ కొలిచి నిష్పత్తి వేస్తే ఎత్తు వచ్చేస్తుందని చెప్పాను. టేపు పట్టుకుని పరిగెత్తారు. ఇంతలో ఆ పిల్లే, సగమే ఎందుకు అని అడిగిన పిల్ల, కాంపౌండు గోడ దగ్గర నిలబడి "మేడమ్, నీడ గోడ మీదకి ఎక్కేసింది, ఇప్పుడెలా?" అంది.

చూస్తే నిజమే. నేల మీద 820 సెంటీమీటర్లు పోయి, అక్కడినుంచి మడతపడి గోడ మీదకి 103 సెంటీమీటర్లు ఎక్కింది. మొత్తం 923 అని ఒకడు కూడేశాడు. అలా కూడకూడదని నాకు తెలుసు గానీ, ఎందుకు కూడదో ఆ నిమిషంలో నోటికి రాలేదు. పదహారేళ్ళలో ఈ లెక్క ఎప్పుడూ చెప్పలేదు నేను. రేపు చెప్తా అన్నాను.

రాత్రి క్యారమ్స్ బోర్డు పక్కకి జరిపి, పాత టెస్టు పేపరు వెనక బొమ్మ గీశాను. గోడ మీద నీడ ఆగిన చోటు నుంచి అడ్డంగా ఒక గీత లాగితే తేలిపోయింది. గోడ మీది 103 ఉన్నదున్నట్టు కర్ర ఎత్తులో కలిసిపోతుంది, దానికి నిష్పత్తి అక్కర్లేదు. పైన మిగిలిన ముక్కకే నిష్పత్తి. 820ని 1.65తో భాగిస్తే 497. దానికి 103 కలిపితే 600. సరిగ్గా ఆరు మీటర్లు. మర్నాడు పీఈటీ సార్‌ని అడిగితే, ఆరు మీటర్లే మేడమ్, పైపు నేనే కొనుక్కొచ్చా అన్నారు. శుక్రవారం డి వాళ్ళది రెండో పీరియడు, బొమ్మ ఆ పిల్ల చేతే బోర్డు మీద వేయించాను.

ఇప్పుడు ఏ సెక్షన్ వాళ్ళు మమ్మల్నీ బయటికి తీసుకెళ్ళండి అని పట్టుబట్టారు. వాళ్ళకి త్రిభుజాలు వచ్చే వారం మొదలవుతాయి. కానీ వాళ్ళది పొద్దుటి పీరియడు, ఆ టైముకి నీడ ఇటువైపు తిరిగి సైకిల్ షెడ్డు రేకుల మీద పడుతుంది. రేకులు ఏటవాలుగా ఉన్నాయి. ఆ లెక్క ఇంకా కూర్చుని చూడలేదు.